పొద్దున ఊపిరి లేని ఇంజను

ఎనభైలు మొదలైన కొత్తలో జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో రెండు స్ట్రోకుల బండ్లు మాత్రమే బాగుచేసేవాడిని. ఆదివారం షెడ్డు మూసి, మా సంఘంలో వాక్యం చదివేవాడిని. సంఘ పెద్దలు ముగ్గురిలో నేనొకడిని. ఆరు రోజులు గ్రీజులో ఉన్న చేతులతో ఏడో రోజు పరిశుద్ధ గ్రంథం పట్టుకోవడం నాకెప్పుడూ తప్పనిపించలేదు. ఆ చలికాలంలో మాత్రం ఆ చేతులను చూసుకోవడానికి భయపడ్డాను.

అంతకుముందు వానాకాలంలో మా సంఘ కాపరి చనిపోయారు. మేమంతా ఆయనను అయ్యగారు అనేవాళ్లం. మొగుడంపల్లి దారిలో, ఊరింకా రెండు మైళ్లుందనగా, రెండు వైపులా చెరుకు తోటల మధ్య ఒక ఎత్తు వస్తుంది. పట్టపగలు ఆ ఎత్తు మీద బండికి స్టాండు వేసి, పక్కన గట్టు మీద కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె ఆగిందని దవాఖానాలో చెప్పారు. మొదట చూసిన రైతు మాకు చెప్పిన మాట ఇంకోటి.

"మనిషి సల్లగైండు సారూ. బండి మాత్రం నడుస్తనే ఉన్నది."

ఆయన పోయాక అది ఎంతసేపు అలా నడిచిందో ఎవరికీ తెలియదు. మేము వెళ్లేసరికి ఇంజను వేడికి బిగుసుకుపోయి ఆగి ఉంది. ఇంజను ఎందుకు ఆపలేదన్నది నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్క నిమిషం కూర్చుని మళ్లీ బయలుదేరుదామనుకుని ఉంటారు.

బండి సంఘానిది. మూడు నెలలు ప్రార్థన మందిరం వెనక వరండాలో తాటిపత్రి పట్టా కింద పడి ఉంది. తర్వాత బీదర్ వైపు నుంచి కొత్త కాపరి వచ్చారు. నలభై దాటిన మనిషి, సన్నగా, మాట మెల్లగా. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం. ఆదివారం పొద్దున తొమ్మిదికి మొగుడంపల్లిలో, మధ్యాహ్నం కోహీర్‌లో ఆరాధన జరిపించాలి. ఆ వేళలకు సరిపడే బస్సు లేదు. బండి ఉంటేనే పని. మొగుడంపల్లిలో ఉండే మా పెద్దాయన, పెద్దలందరిలోకీ పెద్ద, నిక్కచ్చిగా చెప్పేశాడు.

"క్రిస్మస్ దాంక చూద్దాం. కుదిరితె ఉంటడు, లేకుంటె వాళ్లూరికి పోతడు."

బండి నేనే విప్పాను. పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరు, హైదరాబాద్‌లో చెక్కించి తెచ్చాను. కొత్త పిస్టన్, కొత్త రింగులు, కొత్త బేరింగులు. ఒక్కో నట్టు బిగిస్తూ ఒక్కో ప్రార్థన చేశాను. మొదటి కిక్కుకే లేచింది. ఆ ఆదివారం సంఘంలో నిలబడి, చచ్చిన ఇంజనును ప్రభువు లేపాడని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ స్తోత్రంలో కొంత నాకు కూడా అనుకున్నాను. ఇది ఒప్పుకోవాలి.

మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం, సోమవారం పదకొండు గంటలకు కొత్త అయ్యగారు బండిని తోసుకుంటూ షెడ్డుకు వచ్చారు. చలిలో కూడా చొక్కా తడిసి ఉంది.

"పొద్దుగాల కిక్ కొడితె కాలు సీదా కిందికి పోతుంది. లోపల ఎవరు లేనట్టె ఉంటది," అన్నారు. "నిన్న తోసి తోసి స్టార్ట్ చేసిన. మొగుడంపల్లికి పోయెవరకు పదిన్నర అయింది."

నేను కిక్ మీద కాలు పెట్టాను. గట్టిగా ఎదురు తన్నింది. రెండో కిక్కుకు ఇంజను లేచింది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. లోపలి గాలిని పిస్టన్ పైకి నొక్కినప్పుడు అది ఎటూ తప్పించుకోకూడదు. ఆ బిగువునే కంప్రెషన్ అంటాం. అది ఉంటే కిక్ కొట్టే కాలికి లోపల నుంచి ఎవరో ఎదురు నెడుతున్నట్టు తెలుస్తుంది. పోతే కాలి కింద ఏమీ ఉండదు. మంచి కంప్రెషన్ ఒక రాత్రిలో పోవచ్చు. కానీ పోయింది పోయినట్టే ఉంటుంది. పొద్దున పోయి, పదకొండింటికి తిరిగి రాదు.

ఇంజను పై మూత, అంటే హెడ్డు, వదులైందేమోనని దాని బోల్టులు బిగించి పంపించాను.

పక్కనే పంక్చర్ దుకాణం పెట్టుకున్న చాచా అంతా చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు నేను మేస్త్రీని.

"క్యా మేస్త్రీ, నీ దేవుడు లేపిన బండి మల్ల పండుకున్నదా?"

"పండుకోలే చాచా. జర సతాయిస్తున్నది."

"సతాయించేది బండా, పోయిన పాత మాలిక్కా?" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "తోబా తోబా. మజాక్ చేసిన. ఫికర్ చేయకు."

తర్వాతి ఆదివారం బండి దారిలో ఆగిపోయింది. ఆ ఎత్తు మీదే ఆగింది. అయ్యగారు తోసుకుంటూ మొగుడంపల్లి చేరేసరికి జనం ఎదురుచూసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ పై ఆదివారం మళ్లీ అక్కడే ఆగింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు బలం కావాలి, బలం లేని ఇంజను ఎత్తు మీదే ఆగుతుంది అని నేను అందరికీ చెప్పాను. అది నిజం కూడా. అయినా ఎవరూ వినలేదు.

పెద్దాయన షెడ్డుకే వచ్చాడు, చేతిలో మడిచిన కాగితంతో.

"బండి గాడనే ఎందుకాగాలె? నువ్వే చెప్పు."

"ఎత్తుంది గద పెద్దాయనా."

"ఎత్తు ఈ ఏడు మొలిచిందా? పోయినాయన ఇరవై ఏండ్లు ఎక్కలేదా ఆ ఎత్తు? నాకైతె ఒకటె అనిపిస్తుంది. ఈ మనిషి ఆయనకు నచ్చలే."

"పోయినోళ్లు నిద్రపోతున్నరని మనమే చెప్తం గద."

"చెప్తం. నేను కూడ చెప్త. కని జనం ఆరాధనకు వస్తలేరు. పిల్లలను పంపుతలేరు." కాగితం నా ముందు పెట్టాడు. కొత్త కాపరి వద్దు, వేరే మనిషిని పంపండి అని పై కార్యాలయానికి రాసిన ఉత్తరం. రెండు సంతకాలు అప్పటికే ఉన్నాయి. "ఈ ఆదివారం తొమ్మిదింటికి ఆయన మొగుడంపల్లిల ఉంటె ఇది చింపేస్త. లేకుంటె నీ సంతకం కావాలె."

సరేనన్నాను. కాపరి ఉండడమా, సర్దుకుని పోవడమా అన్నది ఆ ఉత్తరంతో నా చేతిలో పడింది.

నాకు అసలు భయం పట్టించింది ఆ ఉత్తరం కాదు. మర్నాడు అమ్మగారు చెప్పిన మాట. అమ్మగారంటే చనిపోయిన అయ్యగారి భార్య. మందిరం వెనక గదిలోనే ఉండేది. బండి ఆ వరండాలోనే పెడతారు. గురువారం కూరగాయలకని బజారుకు వచ్చి, నా షెడ్డు ముందు ఆగింది.

"తమ్మీ, ఒకటడుగుత, నవ్వొద్దు."

"చెప్పున్రి అమ్మగారూ."

"పొద్దుగాల బండి స్టార్ట్ చేసి పోతరు గద కొత్తయ్యగారు. పోయినంక వాకిట్ల మా ఆయన వాసనొస్తుంది. ఆయన తల వాసన. దిండు మీద ఉండేటిది." కూరగాయల సంచి చేయి మార్చుకుంది. "మొన్నటి సంది నేను తలుపు తీసుకొని నిలవడుతున్న, ఆ వాసన కోసం. తప్పా తమ్మీ?"

తప్పు కాదన్నాను. ఆమె వెళ్లాక స్టూలు మీద కూర్చున్నాను.  ఆ వాసన అంతకుముందే నాకూ వచ్చింది. ఆ మొదటి సోమవారం బండి లేపినప్పుడు సైలెన్సర్ పొగలో ఏదో తెలిసిన వాసన తగిలింది. ఎక్కడిదో గుర్తు రాలేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది. ప్రార్థనలో ఆయన నా తల మీద చేయి పెట్టి వంగినప్పుడు వచ్చే వాసన.

నేను చిన్నప్పటి నుంచి వాక్యం మధ్య పెరిగినవాడిని. చనిపోయినవారు తిరిగి రారని, పిలుపు వినిపించే రోజు దాకా నిద్రలో ఉంటారని, నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ రోజు మాత్రం ప్రార్థన మొదలుపెడితే మాటలు రాలేదు. షెడ్డులో నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు పదేపదే తిరిగి చూశాను. అక్కడ పాత టైర్లు తప్ప ఏమీ లేవు.

అలా కూర్చుని ఉండగానే నేను చేస్తున్న పొరపాటు తట్టింది. పొద్దున కుటుంబ ప్రార్థన ముగించుకుని నేను షెడ్డు తెరిచేది పదింటికి. నా షెడ్డు రేకులకు అప్పటికే ఎండ బాగా తగులుతుంది. బండి నా దగ్గరకు వచ్చింది ఎప్పుడూ ఎండలోనే. అది చచ్చి ఉన్నప్పుడు నేను ఒక్కసారి కూడా చూడలేదు. వైద్యుడు రోగి లేచి తిరిగే వేళకే వెళ్లి నాడి చూసినట్టుంది నా పని.

శుక్రవారం సాయంత్రం బండిని షెడ్డులో వదిలి వెళ్లమని అయ్యగారికి చెప్పాను. శనివారం ప్రార్థన ఇంట్లో వాళ్లకు అప్పగించి, తెల్లవారుతుండగా షెడ్డుకు వెళ్లాను. పొగమంచు. రోడ్డు మీద లారీలు కనపడడం లేదు, దీపాలు కనపడుతున్నాయి. చాచా దుకాణం ఇంకా మూసే ఉంది. షెడ్డు తలుపు తీసి, బండి దగ్గర నిలబడి, కిక్ మీద కాలు పెట్టాను.

కాలు కిందికి పోయింది. ఏ అడ్డూ లేదు. లోపల నుంచి మెల్లగా, పొడుగ్గా ఒక నిట్టూర్పు వచ్చింది. కాలు తీసేశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే నిట్టూర్పు. విసిగిన మనిషి ముక్కుతో వదిలే గాలి లాంటిది. ప్రభువు పేరు పైకి అన్నాను. 

భయం వేసినప్పుడు చేతులకు పని చెప్పడం నాకు మా నాన్న నేర్పాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి కిక్ కొట్టాను. మంచి ఇంజనైతే వేలిని ఎగదన్నాలి. వేలికి కొంచెం చల్లటి గాలి తగిలింది, అంతే. సబ్బు నురుగు చేసి హెడ్డు అతుకు చుట్టూ పూసి చూశాను. ఒక్క బుడగ లేవలేదు. అంటే గాలి అక్కడి నుంచి పోవడం లేదు. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిలు పోసి, కాసేపు ఆగి, మళ్లీ కిక్ కొట్టాను. ఈసారి వేలు ఎగిరింది.

అప్పటికి మనసు కొంచెం కుదుటపడింది. ఆయిలు పోస్తే బిగువు వచ్చిందంటే గాలి పిస్టన్ పక్క నుంచి జారుతోంది. తప్పు, పిస్టన్ చుట్టూ ఉండి గాలిని ఆపే రింగుల దగ్గర ఉంది. కానీ అవి నేను వేసిన కొత్త రింగులు. రెండు నెలలు కూడా కాలేదు.

హెడ్డు తీసి, పిస్టన్ చుట్టూ ఉండే బ్యారెల్ పైకి లాగాను. బోరు మీద గీత లేదు. పిస్టన్ చేతిలోకి తీసుకుని రింగును వేలితో నొక్కాను. కదలలేదు. రింగు తన గాడిలో స్ప్రింగులా ఆడుతూ గోడకు అతుక్కుని ఉండాలి. ఇవి గాడిలోనే కరుచుకుపోయాయి. చుట్టూ తుమ్మబంక లాంటి ఎర్రటి జిగురు. ఎండకు మెత్తబడితే రింగు కొంచెం వదులవుతుంది, బండి బతుకుతుంది; పూర్తిగా వదలదు కాబట్టి ఎత్తు మీద బలం చాలదు. చలికి గట్టిపడితే రింగు లోపలే ఉండిపోతుంది, బండి చస్తుంది. అంతా అర్థమైంది. ఆ జిగురు ఎక్కడిది అన్నది తప్ప.

గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మెంతులు, గుంటగలగరాకు, కొబ్బరినూనె. చనిపోయిన మనిషి తల వాసన నా గోరు మీద ఉంది.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైతే దాదాపు అరిచాను. వచ్చింది కొత్త అయ్యగారు. శాలువా కప్పుకుని, విప్పిన ఇంజను వైపు చూస్తున్నారు.

"అయ్యగారూ, ట్యాంకుల ఏం పోస్తున్నరు?" అన్నాను.

"పెట్రోలు. బంకుల ఆయిలు కలిపి ఇస్తరు గద, అదే."

"ఇంకేం పోస్తున్నరు?"

ఆయన బల్ల మీద కూర్చున్నారు. 

"ప్రార్థన నూనె," అన్నారు.

రోగుల కోసం ప్రార్థించేటప్పుడు నుదుటికి రాయడానికి మందిరంలో ఒక సీసా ఉండేది. పాత అయ్యగారు ప్రార్థన చేసి పెట్టిన నూనె. అమ్మగారే ఇంట్లో కాచేది. ఆయన తలకు రాసుకునే నూనె, ఆ సీసాలోని నూనె, ఒకే గిన్నెలోవి. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన ఆయనకు తప్ప.

"ఎందుకు పోసిన్రు?"

"భయం." నేల వైపు చూస్తూ అన్నారు. "ఆ బండి ఎక్కితె నా వెనక సీటు దిగుతుంది. ఎవరో కూసున్నట్టు. తిరిగి చూస్తె ఎవరుండరు. సంఘంల నువ్వే చదివినవ్ గద, నూనె రాసి ప్రార్థించే సంగతి. మనిషికి రాస్తె పని చేసేది బండికి చేయదా అనుకున్న. మొదలు ఒక మూత పోసిన. బండి ఆగింది. రెండు మూతలు పోసిన. మల్ల ఆగింది. మొన్న సగం సీసా పోసిన."

భయం పెరిగినకొద్దీ నూనె పోశారు. నూనె పెరిగినకొద్దీ ఇంజను ఊపిరి పోయింది. ఊపిరి పోయినకొద్దీ భయం పెరిగింది. నాకు నవ్వు రాలేదు. ఆ భాగం చదివి, దాని మీద అరగంట మాట్లాడింది నేనే.

"మిగతా పెద్దలకు చెప్పకు," అన్నారు. "దయ్యానికి భయపడే కాపరిని ఎవరుంచుకుంటరు? రింగులు ఖరాబున్నయని చెప్పు. హౌదా, సరేనా?"

అలా చెప్పడం తేలిక. తప్పు రింగుల మీదికి, వాటిని అమ్మిన ఎక్కడో ఉన్న దుకాణం మీదికి పోతుంది. ఉత్తరం చిరిగిపోతుంది. కానీ అబద్ధంతో నిలబెట్టిన కాపరి నోట రేపు నేను వాక్యం ఎలా వినాలి?

"బండి నేను బాగుచేస్త. అది మీరే చెప్పాలె," అన్నాను. "నా తప్పు ముందు నేను చెప్త. చచ్చిన ఇంజను లేచిందని సాక్ష్యం చెప్పి గొప్పకు పోయిన, బండిని సల్లగున్నప్పుడు ఒక్కసారి చూడలే. ఆ తర్వాత మీరు."

ఆయన శాలువా సర్దుకుని వెళ్లిపోయారు.

రింగులను కిరసనాయిలులో నానబెట్టి, విరగకుండా ఒక్కోటి వదిలించాను. పాత రింగు ముక్కతో గాడులు గీకాను. ట్యాంకు, కార్బొరేటర్ కడిగాను. మధ్యాహ్నం మూడుకల్లా బిగించి, చూసుకుందామని ఒక్కడినే ఆ ఎత్తుకు వెళ్లాను. ఇంజను గట్టిగా లాగింది. పైకి చేరాక కావాలనే ఆపాను. చెరుకు ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. ఆ గట్టు అక్కడే ఉంది. సైలెన్సర్ గోడలకు పట్టిన నూనె ఇంకా కాలుతున్నట్టుంది, సన్నగా ఆ వాసన వచ్చింది. అది ఎక్కడిదో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినా ఆ గట్టు వైపు తిరిగి కూర్చోలేకపోయాను.

ఆదివారం పొద్దున, మంచు ఇంకా విడవకముందే, అయ్యగారు కిక్ కొట్టారు. కాలిని ఎదురు తన్నింది. మూడో కిక్కుకు లేచింది. నేను వెనక కూర్చున్నాను.  ఎనిమిదిన్నరకు మొగుడంపల్లిలో ఉన్నాం. గుమ్మంలో పెద్దాయన, లోపల సగం నిండిన చాపలు. అమ్మగారు ముందు రోజు బస్సులోనే వచ్చి ఆడవాళ్ల వైపు కూర్చుని ఉంది.

పాట అయ్యాక నేను లేచి నా మాట చెప్పాను. తర్వాత అయ్యగారు లేచారు. నూనె సంగతి, భయం సంగతి, ఏమీ దాచకుండా చెప్పారు. 

పెద్దాయనే ముందు నోరు తెరిచాడు.

"అంటె బండి మంచిగైనా మనిషి గట్టోడు కాడన్న మాట. దయ్యం లేదని మాకు చెప్పాల్సినోడివి, నువ్వే నూనె పోసుకుంట తిరిగినవా?" ఉత్తరం జేబులో నుంచి తీశాడు. చింపలేదు.

అప్పుడు అమ్మగారు కూర్చున్నచోటి నుంచే అడిగింది.

"ఆ వాసన నా నూనెదేనా తమ్మీ?"

"ఔనమ్మగారూ."

"ఆయన రాలేదన్నట్టె."

నేను తల ఊపాను. అంత కష్టమైన జవాబు నేను మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పెద్దాయన వైపు తిరిగింది.

"బావా, ఈయన భయపడ్డడు. భయపడుకుంటనె వారం వారం ఆ బండే ఎక్కిండు. నువ్వెక్కినవా ఒక్కసారన్న? నెల రోజుల సంది మందిరం నుంచి కోహీర్ పోయేది ఉంటె, బస్సుకె పోయినవ్ గని, ఆ బండి తీసుకున్నవా?"

ఎవరో ఆడవాళ్ల వైపు నవ్వు ఆపుకున్నారు. పెద్దాయన ఉత్తరం వైపు చూశాడు, అయ్యగారి వైపు చూశాడు. దానిని నాలుగు ముక్కలు చేసి, ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకున్నాడు.

"సరె, ఇగ వాక్యం చదువు అయ్యా. పొద్దెక్కుతుంది," అన్నాడు.

అయ్యగారు గ్రంథం తెరిచారు. మొదటి రెండు వచనాలు సరిగా వినపడలేదు. ఎవరూ లేచి వెళ్లలేదు. మూడో వచనం నుంచి వినపడింది.